రియాల్ అప్పుతో రూపాయి ఇల్లు కొనే ముందు ఒక లెక్క

అల్ షహానియాలో ఉండే మన తెలుగువాళ్ళకు ఇల్లు కొనడమంటే ఇండియాలో కొనడమే. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్ళు తాము కాపురముండే ఇంటికే లోన్ తీసుకుంటారు. అద్దె కట్టే బదులు ఈఎంఐ కడతారు. మనకు ఆ వీలు లేదు. ఇక్కడ అద్దెకైనా ఉండాలి, కంపెనీ ఇచ్చిన చోటైనా ఉండాలి. కొనే ఇల్లు మాత్రం నాలుగు గంటల విమాన ప్రయాణం అవతల ఉంటుంది. అంటే ఇంటి అప్పు మన అద్దె ఖర్చును తగ్గించదు, దాని మీద అదనంగా వచ్చి పడుతుంది.

ఖతార్‌లో విదేశీయులు కొనకూడదని కాదు. 2018లో వచ్చిన 16వ నంబరు చట్టం, 2020లో కేబినెట్ ఇచ్చిన ఉత్తర్వు కలిపి తొమ్మిది ప్రాంతాల్లో పూర్తి యాజమాన్య హక్కు, పదహారు ప్రాంతాల్లో 99 ఏళ్ళ అనుభవ హక్కు ఇస్తున్నాయి. పెర్ల్, లుసైల్, వెస్ట్ బే లాంటివి మొదటి జాబితాలో ఉన్నాయి. మన షహానియా రెండింటిలోనూ లేదు. 7,30,000 రియాల్స్ విలువైన ఆస్తి కొంటే స్పాన్సర్ లేకుండా నివాస అనుమతి దొరుకుతుందన్నది ఆకర్షణే గానీ, అది మన రూపాయల్లో కోటీ డెబ్భై లక్షల పైమాట. ఒంటెల రేస్ ట్రాక్ చుట్టుపక్కల, దుఖాన్ రోడ్డు వెంబడి ఉన్న ఫారాల్లో, గోదాముల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళకు దాని గురించి ఎక్కువ చెప్పి లాభం లేదు.

నేను ఇక్కడ ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. శాలరీ సర్టిఫికెట్, బ్యాంకుకు ఇచ్చే శాలరీ ట్రాన్స్‌ఫర్ లెటర్ తయారుచేసేది మా టేబుల్ మీదే. దేనికి తమ్ముడూ అని అడిగితే నాకు ఎక్కువగా వినబడే జవాబు, "ఫ్లాట్ అడ్వాన్స్‌కు అన్నా." ఇక్కడి బ్యాంకులో పర్సనల్ లోన్ తీసి, దాన్ని ఊళ్ళో ఇంటికి మొదటి వాటాగా కట్టి, మిగతాదానికి అక్కడి బ్యాంకులో హోమ్ లోన్ తీసుకోవడం మనవాళ్ళలో బాగా అలవాటైపోయింది. ఈ ఒక్క పని చేయొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎందుకు చేయొద్దో లెక్కతో చూద్దాం.

నెలకు మొత్తం 6,000 రియాల్స్ జీతం వచ్చే మనిషిని తీసుకుందాం. 60 లక్షల ఫ్లాట్ చూసుకున్నాడు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఇంటి విలువలో 80 శాతం దాకానే బ్యాంకు ఇవ్వగలదు. అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు చేతి నుంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి తెలంగాణలో, ఆంధ్రలో సుమారు ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. కట్టడంలో ఉన్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ, మరో మూడు లక్షలు. ఓసీ వచ్చిన తర్వాత అమ్మే పూర్తయిన ఫ్లాట్‌కు జీఎస్టీ ఉండదు. కప్‌బోర్డులు, కరెంటు మీటరు, గృహప్రవేశం వేసుకుంటే మొత్తం 21 లక్షల పైచిలుకు సొంత డబ్బు కావాలి. 12 లక్షలుంటే చాలు అనుకుని దిగినవాళ్ళు మధ్యలో ఆగిపోయేది ఇక్కడే.

లెక్క సులువుగా ఉండాలని రియాల్‌ను 24 రూపాయలు అనుకుందాం. 21 లక్షల 60 వేలంటే 90,000 రియాల్స్. ఖతార్ సెంట్రల్ బ్యాంకు నియమాల ప్రకారం విదేశీ ఉద్యోగికి పర్సనల్ లోన్ నాలుగు లక్షల రియాల్స్ దాటకూడదు, 48 నెలల్లో తీరాలి, నెల వాయిదాలన్నీ కలిపి జీతంలో సగానికి మించకూడదు. వడ్డీ ఆరు శాతం అనుకుంటే 90,000కు నెల వాయిదా 2,114 రియాల్స్. జీతంలో సగం 3,000 కాబట్టి ఇక్కడి బ్యాంకు ఇబ్బంది లేకుండా ఇచ్చేస్తుంది.

ఇప్పుడు అక్కడి బ్యాంకు. 48 లక్షలు, తొమ్మిది శాతం, ఇరవై ఏళ్ళు: ఈఎంఐ సుమారు 43,200 రూపాయలు, అంటే 1,800 రియాల్స్. ఈ మనిషి జీతం రూపాయల్లో లక్షా 44 వేలు. అందులో ఈఎంఐ 30 శాతమే కదా అని వాళ్ళూ సంతోషంగా ఇస్తారు.

ఇద్దరి లెక్కా విడివిడిగా సరిగ్గానే ఉంది. కలిపితే నెలకు 3,914 రియాల్స్ వాయిదాలు. ఆరు వేలలో మిగిలేది 2,086. తిండి, ఫోను, ఇంటికి పంపేది, పిల్లల ఫీజు, అమ్మ మందులు, రెండేళ్ళకోసారి ఊరికి పోతే అయ్యే ఖర్చు అన్నీ అందులోంచే. పైగా 60 లక్షల ఇంటికి దాని సొంత డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు, మొత్తం అప్పే. ఇండియా బ్యాంకు 20 శాతం నీ చేతి నుంచి పెట్టు అని అడగడంలో ఉద్దేశం, అంత పొదుపు చేయగలిగినవాడే వాయిదాలు కట్టగలడని. ఆ పరీక్షను మనం అప్పు తెచ్చి పాసవుతున్నాం. ఖతార్ లోన్ ఇండియా సిబిల్‌లో కనబడదు, ఇండియా లోన్ ఖతార్ క్రెడిట్ బ్యూరోలో కనబడదు. రెండూ ఒకే చోట కనబడేది మీ నోట్‌బుక్‌లోనే, మీరు రాసుకుంటే.

"ఆగితే ధర పెరిగిపోతుంది గదన్నా" అంటారు. పెరగవచ్చు. కానీ అదే 2,114 రియాల్స్‌ను నెలనెలా ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో డిపాజిట్ చేస్తే 43 నెలల్లో అదే 90,000 జమవుతుంది, వడ్డీ కలిస్తే ఇంకా ముందే. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీ మీద ఇండియాలో పన్ను కూడా లేదు. లోన్ తీసుకుంటే 48 నెలలు కట్టి, పైన పదకొండు వేల రియాల్స్ పైగా వడ్డీ ఇస్తారు. ఆ నాలుగేళ్ళలో ఉద్యోగం పోతే దాచుకున్నవాడి దగ్గర డబ్బుంటుంది, అప్పు తీసుకున్నవాడి మీద కేసు ఉంటుంది. ధర పెరుగుతుందన్న భయానికి నాలుగేళ్ళ ఉద్యోగ భద్రతను పందెం కాయడం నాకు సరైన బేరంగా అనిపించదు.

రూపాయి అప్పుకూ రియాల్ అప్పుకూ ఇంకో తేడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. రియాల్ డాలరుకు 3.64 దగ్గర కట్టేసి ఉంది. రూపాయి మాత్రం ఏళ్ళ తరబడి తగ్గుతూ వస్తోంది. 2014లో రియాల్‌కు పదహారున్నర రూపాయలు వచ్చేవి. అప్పట్లో 43,200 రూపాయల ఈఎంఐ కట్టాలంటే 2,600 రియాల్స్ పంపాలి. 24 రూపాయల దగ్గర 1,800 చాలు. అంటే రియాల్‌లో సంపాదించేవాడికి రూపాయి అప్పు కాలంతో పాటు తేలికవుతూ వచ్చింది. రియాల్ అప్పుకు ఆ సౌకర్యం లేదు, మొదటి నెలా 2,114, నలభై ఎనిమిదో నెలా 2,114. అప్పు తప్పనిసరైతే రూపాయల్లోనే ఉండాలి అనడానికి నాకు కనబడే బలమైన కారణాల్లో ఇదొకటి.

అన్నిటికన్నా పెద్ద కారణం ఇక్కడి చట్టం. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా సెక్యూరిటీ చెక్కు సంతకం చేయించుకుంటుంది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది ఖతార్‌లో క్రిమినల్ నేరం. 2004 నాటి శిక్షాస్మృతి 357వ అధికరణ ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, మూడు వేల నుంచి పదివేల రియాల్స్ జరిమానా. బకాయి కేసులో కోర్టు ప్రయాణ నిషేధం కూడా పెట్టవచ్చు. ఉద్యోగం లేక, వీసా రద్దై, ఇంటికి పోదామంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. పని చేసి తీర్చడానికి వీసా లేదు, వెళ్ళిపోవడానికి అనుమతి లేదు. మీ మీద నిషేధం ఉందో లేదో మెట్రాష్ యాప్‌లో చూసుకోవచ్చు, టికెట్ కొనే ముందే.

దీనికి ఇండియా హోమ్ లోన్‌ను పోల్చి చూడండి. 90 రోజులు కట్టకపోతే మొండి బకాయి అంటారు, తర్వాత 60 రోజుల నోటీసు ఇస్తారు, ఆ పైన ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలవుతుంది. బాధాకరమే. కానీ పోయేది ఇల్లు, మనిషి కాదు. మధ్యలో మాట్లాడుకోవడానికి, అద్దెకివ్వడానికి, అమ్మడానికి సమయం ఉంటుంది.

ఉద్యోగం పోతుందా అంటే, 2020 జూన్ గుర్తుతెచ్చుకోండి. ప్రభుత్వ సంస్థలు ఖతారీలు కాని ఉద్యోగుల ఖర్చును 30 శాతం తగ్గించాలని ఆదేశం వచ్చింది. ప్రైవేటు కంపెనీలు ఆదేశం కోసం కూడా ఎదురుచూడలేదు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగిసే దేశంలో మనం ఉన్నాం. కాబట్టి ఎంత లోన్ వస్తుంది అన్న ప్రశ్న కన్నా, ఈ జీతం ఖాయంగా ఇంకెన్నేళ్ళు వస్తుంది అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. ఇండియాకు తిరిగిపోతే అక్కడ వచ్చే జీతంతో ఆ ఈఎంఐ కట్టగలరా? కట్టలేరంటే ఇల్లు చిన్నది చూసుకోవాలి, లేదా ఊరు మార్చుకోవాలి. కరీంనగర్‌లోనో రాజమండ్రిలోనో సరిపోయే ఇల్లు కొనగలిగినవాడు కొండాపూర్ కోసం ఇరవై ఏళ్ళు ఒంటరిగా ఎందుకుండాలో నాకు అర్థం కాదు. ఇది నా అభిప్రాయం మాత్రమే.

సర్వీస్ డబ్బులు ఉన్నాయి కదా అనేవాళ్ళు ఆ లెక్క కూడా చూసుకోవాలి. చట్టం ప్రకారం ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం గ్రాట్యుటీ. మొత్తం జీతం ఆరు వేలున్నా బేసిక్ 3,600 అయితే ఏడాదికి 2,520 రియాల్స్. ఎనిమిదేళ్ళకు ఇరవై వేలు. పర్సనల్ లోన్ తీసుకున్నప్పుడు శాలరీ ట్రాన్స్‌ఫర్ లెటర్‌లో సాధారణంగా ఈ డబ్బు కూడా బ్యాంకు ఖాతాకే పంపుతామని కంపెనీ రాసిస్తుంది. కాబట్టి లోన్ బాకీ ఉంటే ఆ డబ్బు మొదట బ్యాంకుది, మిగిలితేనే మీది.

ఇల్లు మాట ఎత్తే ముందు పాత అప్పులు ఏమున్నాయో చూసుకోవాలి. వీసా కోసం ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీ ఇంకా ఉన్నవాళ్ళు, దాన్ని అలాగే ఉంచి ఫ్లాట్ అడ్వాన్సులు కడుతుంటారు. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఏ ఫ్లాటూ ఏడాదికి 36 శాతం పెరుగుతుందన్న భరోసా ఇవ్వదు. ముందు అది తీర్చాలి. చేతిలో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి చేబదులు తీర్చేయడం కూడా లాభమే, వడ్డీ మూడో వంతుకు వస్తుంది. ఇక గదుల్లో నడిచే చీటీల గురించి: పాడుకున్నవాడు సెలవు మీద ఊరికి పోయి తిరిగి రాకపోతే అడగడానికి కాగితం ఉండదు. ఇంటి అడ్వాన్సును ఆ చీటీ మీద ఆధారపడి ఒప్పుకోవద్దు.

హోమ్ లోన్‌తో కొంటే ఇంకో లాభముంది. బ్యాంకు తన వకీలుతో పత్రాలు చూపిస్తుంది, ఇంజనీరును పంపి విలువ కట్టిస్తుంది. వాళ్ళు తమ డబ్బు కోసమే చూస్తారు, కానీ మనకూ అది రెండో కన్ను. మన సొంత తనిఖీకి అది బదులు కాదన్నది వేరే విషయం. పర్సనల్ లోన్ డబ్బుతో కొంటే ఆ కన్ను కూడా లేదు, డబ్బు ఏం చేశావని అడిగేవాళ్ళే ఉండరు. ప్రీలాంచ్ అమ్మేవాళ్ళకు మన రియాల్ లోన్లు అందుకే ఇష్టం. "మొత్తం ఒకేసారి కట్టేస్తే చదరపు అడుగుకు సగం ధర" అంటారు. అనుమతి లేదు, రెరా నంబరు లేదు, కాబట్టి బ్యాంకు లోన్ రాదు. బ్యాంకు ఇవ్వనన్న చోట మనం ఖతార్‌లో అప్పు చేసి మరీ కడతాం. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ ప్రీలాంచ్ కేసు 2022లో బయటపడినప్పుడు మనవాళ్ళకు తెలిసింది, సగం ధరకు అమ్మినవాడి చేతిలో ఫ్లాటే లేదని.

2016 రెరా చట్టం 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన కట్టడమైనా ముందు నమోదు చేయకుండా ప్రకటించడమే తప్పంటుంది. ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడిగా ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. ఇల్లు అప్పగించిన ఐదేళ్ళ దాకా కట్టడంలో లోపం వస్తే ఉచితంగా బాగుచేయాలి. ఇవన్నీ నమోదైన ప్రాజెక్టుకు. తెలంగాణ, ఆంధ్ర రెరా వెబ్‌సైట్లలో నంబరు కొట్టి చూడటానికి ఐదు నిమిషాలు చాలు, షహానియాలో కూర్చునే చూడవచ్చు. ఈసీ కూడా అంతే. పాత కొనుగోళ్ళు, తాకట్టులు అందులో కనబడతాయి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, చెరువు పరిధిలో ఉందేమో విడిగా చూడాలి. 2024 జులైలో హైడ్రా వచ్చాక రిజిస్ట్రేషనూ కరెంటు బిల్లూ ఉన్న ఇళ్ళు కూడా కూలడం మనం టీవీలో చూశాం.

గుంటల లెక్కన అమ్మే ఫార్మ్ ప్లాట్ల జోలికి పోవద్దు. ఫెమా నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా రావచ్చు, కొనడం కుదరదు. ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన ఒంటెల కాపరి కూడా ఆ చట్టం దృష్టిలో ఎన్‌ఆర్‌ఐనే, ఆ మాట పెద్ద జీతాల వాళ్ళకు మాత్రమే కాదు.

రిజిస్ట్రేషన్‌కు పోలేనివాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. దోహాలోని మన రాయబార కార్యాలయం ద్వారా సంతకం ధ్రువీకరించి, అసలు పత్రం పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. జనరల్ పవర్ ఎవరికీ ఇవ్వకండి, సొంత తమ్ముడికైనా సరే. ఈ ఫ్లాట్, ఈ సర్వే నంబరు, ఈ పని, ఈ తేదీ దాకా అని రాసిన స్పెషల్ పవర్ చాలు. అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం అందులో ఉండనక్కర్లేదు. అలాగే అవతలివాళ్ళు రిజిస్టర్ చేయకుండా జీపీఏ మీద అమ్ముతామంటే ఒప్పుకోవద్దు. దాంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

పేరు ఎవరిదన్నది కూడా అప్పు లెక్కలోకే వస్తుంది. ఈఎంఐ మీరు కడుతూ నాన్న పేరు మీద ఒక్కరికే కొంటే, రేపు అందులో అన్నదమ్ములకూ వాటా వస్తుంది. బినామీ చట్టం భార్య, పిల్లల పేరు మీద మీ లెక్క చూపగల డబ్బుతో కొనడాన్ని మినహాయించింది. తల్లిదండ్రులు, తోబుట్టువుల విషయంలో మాత్రం పత్రంలో మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. డబ్బు ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచో, ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచో, నేరుగా బ్యాంకు రెమిటెన్స్‌గానో పోవాలి. హవాలాలో ఒక రూపాయి ఎక్కువ వస్తుందని పంపితే, రేపు ఇల్లు అమ్మి డబ్బు వెనక్కి తెచ్చుకోవాలన్నా, ఎక్కడిదని అడిగినా చూపడానికి కాగితం ఉండదు.

ఇప్పటికే రెండు అప్పులూ ఉన్నవాళ్ళ సంగతి. మొదట రియాల్ లోన్ ముగించాలి. వడ్డీ శాతం అక్కడ ఎక్కువుందని హోమ్ లోన్‌కు ముందు కట్టడం మామూలు లెక్కలో సరైనదే, కానీ జైలు, ప్రయాణ నిషేధం ఉన్న అప్పును మామూలు లెక్కలో వేయలేం. ఇంకో లోన్ టాప్ అప్ చేస్తామని ఫోన్లు వస్తాయి, వాయిదాలు మళ్ళీ 48కి వెళ్తాయి, ఒప్పుకోవద్దు. జీతం ఆలస్యమైనా, ఉద్యోగం పోయేలా ఉన్నా, చెక్కు వేయకముందే బ్యాంకుకు పోయి మాట్లాడండి. ఇండియాలో ఫ్లాట్ ఖాళీగా ఉంటే అద్దెకివ్వండి. వడ్డీ రేటు మారినప్పుడు ఈఎంఐ మార్చుకోవాలా, కాలం మార్చుకోవాలా అని ఎంచుకునే వీలు బ్యాంకు మీకివ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023లో చెప్పింది. రియాల్ లోన్ ఉన్నంతకాలం ఈఎంఐ తక్కువ ఉండేలా చూసుకోండి. అది తీరాక ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కడితే, మన ఉదాహరణలో ఇరవై ఏళ్ళ లోన్ పద్దెనిమిదేళ్ళలోపే అయిపోతుంది. లీవ్ శాలరీ వచ్చిన నెల దానికి సరిపోతుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు.

మనిషి పోతే అప్పు ఏమవుతుందన్నది ఎవరూ అడగరు, అశుభమని. ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్ళకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన పది లక్షలిస్తుంది, కానీ ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా మాత్రమే. నిద్రలో గుండె ఆగిపోతే అది వర్తించదు. ఇక్కడి ఎండల్లో పనిచేసే మన మధ్య అలాంటి వార్తలు ఎన్ని వింటున్నామో వేరే చెప్పక్కర్లేదు. 48 లక్షల లోన్ ఉన్నవాడికి కనీసం అంత టర్మ్ పాలసీ విడిగా ఉండాలి, ఆ సంగతి భార్యకు తెలియాలి, కాగితం ఆమె దగ్గరుండాలి.

లోన్ తీరిన రోజు ఆఖరి పని ఉంది. ఇండియా బ్యాంకు 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు ఇవ్వాలి. ఈసీలో తాకట్టు తొలగిందో లేదో చూసుకోండి. ఖతార్ బ్యాంకు నుంచి బాకీ లేదన్న లెటర్, మీ సెక్యూరిటీ చెక్కు రెండూ చేతికి తీసుకోండి. ఫైనల్ ఎగ్జిట్ మీద పోయేవాళ్ళు ఆ చెక్కు సంగతి మర్చిపోతుంటారు, క్రెడిట్ కార్డు మూయడం కూడా. ఈ రెండూ అయ్యాకే టికెట్ బుక్ చేయండి.